పసుపుతాడు కొలత

రాజుగారి గోశాల అధికారి సింగమనాయుడికి ఏమీ పాలుపోవడం లేదు. నెల కిందట ఈ పల్లెకొచ్చి, ప్రతి ఆవు పొదుగుకీ పసుపుతాడు చుట్టి తనే కొలిచాడు. అన్నిటికన్నా పెద్ద పొదుగున్న పెద్దకాపు ఆవును రాజుగారికని తోలుకుపోయాడు. అదేమో పూటకి చెంబెడు పాలు కూడా ఇవ్వడం లేదు. ఇవాళ మళ్ళీ తాడు పట్టుకొచ్చి చూస్తే, ఆ రోజు ఖాళీ సంచిలా వేలాడిన గొల్ల చెంచమ్మ ఆవు పొదుగు కింద ఇప్పుడు కుండ నిండిపోతోంది.

"ఇదెలాగే చెంచమ్మా?"

"పితక్కముందు కొలిస్తే ఆవులు తంతాయని ఆ రోజు పాలు పితికేదాకా మిమ్మల్ని ఆపాను కదా దొరా. పాలున్న పొదుగు పితికాక ముడుచుకుపోతుంది. పితికినా తగ్గనిది కండ. ఈ ఆవు పోతే మా ఇంటిల్లిపాదికీ పస్తులే మరి."

నాయుడికి అది బుర్రకెక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక మండిపోయాడు.

"అయితే దీన్నే తోలుకుపోతాను."

"తోలుకెళ్ళండి. మొదటి ఆవు సంగతి రాజుగారు అడిగితే, కండను కొలిచి పాలనుకున్నానని చెబుతారా?"

నాయుడు ఆవును చూశాడు, చేతిలో తాడును చూశాడు. తాడు చుట్టి మొలలో దోపుకుని గొంతు తగ్గించాడు.

"రోజూ ఓ కుండ పాలు గోశాల వెనక గుమ్మం దగ్గర పోస్తావా?"