ఏ తీర్పూ చెల్లని తాకీదు

మణినగరం సభలో నలభై నాలుగు మంది సభ్యులుండటం మార్తాండ భూపతికి ఒకనాటి పొద్దున్న ఉన్నట్టుండి ఎక్కువనిపించింది.

మరీ ఉన్నట్టుండి కాదు. అంతకు నెల ముందు రాజుగారు పెద్దబజారు కూడలిలో తన విగ్రహం పెట్టించుకున్నారు. కూరగాయల బళ్లు మలుపు తిరగడం లేదు, దాన్ని పక్కకు జరపమని నగర సభ తీర్మానించింది. నలభై నాలుగు చేతులూ లేచాయి.

"ఇరవై రెండు చాలు," అన్నారు రాజుగారు కొలువులో.

"అవీ ఎక్కువే. ప్రభువులు దయగలవారు కనక ఉంచుతున్నారు," అన్నాడు మంత్రి ఉద్దండరాయుడు. ఆయన మాట్లాడాక నలుగురి మొహాలూ ఓసారి చూస్తాడు, మెచ్చుకున్నారా లేదా అని.

చిక్కేమిటంటే, అప్పటికే ఊళ్లో ఎన్నిక మొదలైంది. పేటపేటకూ ఓట్ల కుండలు పెట్టేశారు. మూడేళ్లుగా మురుగునీళ్లు ఇళ్లలోకి వస్తున్న జాలరిపేట తరఫున చేపలమ్మే పోలమ్మ మొదటిసారి పోటీకి దిగింది. రాజుగారి మాటతో జాలరిపేట షావుకార్ల పేటలో కలిసిపోయింది. కుండ ఎత్తుకుపోయారు.

పోలమ్మ ధర్మాసనానికి వెళ్లింది. ముగ్గురు న్యాయాధికారులూ విన్నారు. ఎన్నిక నడుమ పేటలు చెరిపే హక్కు ఎవరికీ లేదని, సభ్యులు నలభై నాలుగు మందేనని తీర్పు చెప్పారు.

రాజుగారికి మండింది. "రాజ్యం నాదా, వాళ్లదా?"

"తాతలనాటి శాసనంలో ఒక వెసులుబాటు ఉంది," అన్నాడు మంత్రి. "మహా ఆపద వచ్చినప్పుడు తీర్పును దాటి తాకీదు ఇవ్వొచ్చు. ఇంతవరకూ ఎవరూ వాడలేదు."

"ఇప్పుడొచ్చిన ఆపద ఏమని రాయమంటారు?" అని అడిగాడు రాయసం కోనప్ప. కొలువులో పత్రాలన్నీ రాసేది అతనే.

"ప్రభువుల విగ్రహాన్నే జరపమన్నారు. ఇంకేం ఆపద రావాలి? రాసుకో."

కోనప్ప కలం ముంచాడు. "ఈ ఒక్క తీర్పే చెల్లదని రాయనా?"

"ఒక్కటేమిటి? రేపు ఇంకోటి ఇస్తారు. ధర్మాసనం తీర్పు ఏదీ చెల్లదని రాయి."

"ఇవ్వబోయేవా, ఇచ్చినవి కూడానా?"

"ఇచ్చినవీ, ఇవ్వబోయేవీ. నీకు చేతకాకపోతే చెప్పు, నేనే రాస్తాను."

రాజుగారు తలూపారు. కోనప్ప పొల్లుపోకుండా రాశాడు.

"ముద్ర పడేముందు, తాకీదు ఎవరికి తగులుతుందో వాళ్లకు ప్రతులు పంపడం ఆనవాయితీ," అన్నాడు.

"అందరికీ పంపు. చదివి నోళ్లు మూసుకుంటారు," అన్నాడు మంత్రి.

కోనప్ప రెండు రోజులు ధర్మాసనం దస్తావేజుల గదిలో కూర్చుని పేర్లు రాసుకున్నాడు. ప్రతులు వెళ్లాయి.

మూడోనాడు కొలువు నిండింది. ముద్ర వేయడానికి లక్క కరుగుతోంది. అంతలో గానుగ సోమయ్య ముందుకొచ్చి దండం పెట్టాడు.

"ఏటి ఒడ్డు మామిడితోట నాదని అయిదేళ్ల కింద వ్యాజ్యం వేశాను ప్రభూ. మంత్రిగారిదేనని తీర్పొచ్చింది. ఆ తీర్పు ఇక చెల్లదట కదా. తోట తాళం ఇప్పిస్తే వెళ్తాను."

"వీణ్ణి బయటికి పంపండి," అన్నాడు మంత్రి. "తోట నాదని సాక్షాత్తూ ధర్మాసనమే చెప్పింది."

కోనప్ప కాగితం మీంచి తలెత్తాడు.

"ఏ ధర్మాసనం, మంత్రిగారూ?"

కొలువంతా కిసుక్కుమంది. రాజుగారు కూడా మీసం చాటున నవ్వుకున్నారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

గుమ్మంలో పల్లకీ దిగి వీరభద్ర భూపతి నింపాదిగా లోపలికి వచ్చాడు. వెనక ఒకడు పరుపుచుట్ట మోస్తున్నాడు, ఇంకొకడు కొలతాడు పట్టుకున్న దర్జీ. పాత రాజుగారికి పిల్లల్లేక మార్తాండ భూపతిని దత్తత తీసుకున్నారు. ఆ దత్తత చెల్లదని, గద్దె తనదని దావా వేసి ఓడిపోయిన, పాత రాజుగారి అన్నకొడుకు ఈ వీరభద్ర భూపతి. తొమ్మిదేళ్లుగా పల్లెలో నిమ్మతోట చూసుకుంటున్నాడు.

"బాగున్నావా తమ్ముడూ?" అన్నాడు. "తాకీదు అందింది. దత్తత తీర్పు కూడా పోయినట్టేగా. తొందరేం లేదు, ముద్ర పడ్డాకే లేద్దువుగాని. ఈలోగా మా దర్జీ సింహాసనం మెత్తకు కొలత తీసుకుంటాడు. నాకు కాస్త వెడల్పు కావాలి."

దర్జీ వచ్చి సింహాసనం పక్కన మోకాళ్ల మీద కూర్చుని తాడు సాచాడు. రాజుగారు మంత్రి వైపు చూశారు. మంత్రి నేల వైపు చూశాడు.

"ఈయనకు ప్రతి ఎవరు పంపారు?"

"నేనే ప్రభూ," అన్నాడు కోనప్ప. "ధర్మాసనంలో ఓడినవాళ్లు మొత్తం అరవై ముగ్గురు. తక్కినవాళ్లు బయట వరసలో ఉన్నారు."

రాజుగారు గొంతు తగ్గించారు. "పోనీ, నగర సభ గురించిన తీర్పు ఒక్కటే కొట్టేసి, మిగతావి ఉంచుతూ తిరగరాయలేవా?"

"క్షణంలో రాస్తాను. ఆ ఒక్కటే ఎందుకు చెల్లదంటే, నచ్చలేదు కనక అని రాస్తే సరి. ఎవరికి నచ్చనిదో కూడా రాయాలి కదా ప్రభూ," అన్నాడు కోనప్ప.

"వీరభద్ర భూపతిగారు ఇక్కడే ఉన్నారు, ఆయన్ని కూడా అడగమంటారా?"

దర్జీ చేతిలో తాడు ఆగిపోయింది. రాజుగారి భుజాలు కదిలాయి, ఆపైన పొట్ట కదిలింది. గద్దె పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

"లక్క చల్లారనివ్వండి," అన్నారు. "సభ్యులు నలభై నాలుగు మందే. జాలరిపేట కుండ ఈ పూటే వెనక్కి పంపండి. ఉద్దండరాయా, నువ్వే మోసుకెళ్లు. అన్నగారూ, పరుపు తెచ్చారు కనక నాలుగు రోజులుండి వెళ్లండి, అతిథి గదిలో."

మెడలోని ముత్యాల హారం తీసి కోనప్ప చేతిలో పెట్టారు. "నిజం చెప్పు. నేను ముద్ర వేసేసి ఉంటే ఏం చేసేవాడివి?"

కోనప్ప హారం కళ్లకద్దుకున్నాడు.

"వీరభద్ర భూపతిగారి బిరుదులు బట్టీ పట్టేవాణ్ణి, ప్రభూ."

ముందుగా నవ్వింది వీరభద్ర భూపతే.