ఇరవై రెండు వాక్యాలు, రెండు గుండీలు

నాకు గర్వం లేదు. హీబ్రూ సొంతంగా నేర్చుకున్నానని అడిగినవాళ్ళకే చెబుతాను. అడగనివాళ్ళ దగ్గర, అడిగేదాకా కూర్చుంటాను.

నిజామాబాద్ నుంచి ఇజ్రాయెల్‌లోని హైఫా వచ్చి, నఫ్తాలి గారనే పెద్దాయనను చూసుకునే పనిలో చేరాను. ఆయన నలభై ఏళ్ళు హీబ్రూ చెప్పిన పంతులు. 'మోరీ' అని పిలుస్తాను, అంటే నా గురువు అని. అంతటి పంతులు ఎదురుగా ఉండగా ఫోన్ చూసి హీబ్రూ నేర్చుకున్నవాణ్ని ఊరు మొత్తంలో నేనొక్కణ్నే అయ్యుంటాను.

పక్షవాతం వచ్చి మోరీ కుడిచెయ్యి పడిపోయి ఐదు నెలలైంది. సోమవారం వృద్ధుల సంక్షేమ ఆఫీసు నుంచి నర్సు వస్తుందని కబురొచ్చింది. కోలుకుంటున్నారని ఆమెకు నమ్మకం కుదిరితే ఇంట్లోనే ఉండనిస్తారు. లేదంటే వృద్ధాశ్రమం. ఆయనకు పుస్తకాలు దూరం, నాకు పని దూరం.

నేను ఊరుకుంటానా? నర్సుకు చెప్పడానికి ఆస్పత్రి కాగితాల్లోంచి కోలుకోవడం గురించిన ఇంగ్లీషు వాక్యాలన్నీ ఏరాను. గణనీయమైన మెరుగుదల. నిలకడైన పురోగతి. రోజురోజుకూ ముందడుగు. మొత్తం ఇరవై రెండు. అన్నిటినీ హీబ్రూలోకి మార్చి, నోటుబుక్కులో రాసి, ఆదివారం పొద్దున్నే మోరీ ముందు పెట్టాను.

ఆయన ఎడమచేత్తో పెన్సిల్ పట్టుకుని చివరిదాకా చదివారు. ఎక్కడా గీత పడలేదు.

"తప్పుల్లేవా మోరీ?"

"ఒక్కటీ లేదు లింబాద్రీ. ఇదంతా ఎవరి గురించి?"

"ఇంకెవరి గురించి? మీ గురించే!"

"అబ్బో, భలే ఉన్నాడే! ఒకసారి నాకూ చూపించు."

నవ్వేసి, ఆయనకు చొక్కా తొడిగాను. అలవాటు కొద్దీ గుండీల మీదికి చెయ్యి పోయింది.

"ఆగు" అన్నారు.

కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది. గుండీ జారింది. మళ్ళీ జారింది. టీ కోసం కెటిల్లో పెట్టిన నీళ్ళు మరిగి, చల్లారిపోయాయి. మూడుసార్లు నా చెయ్యి ముందుకు పోయింది. పక్కవాడికి జవాబు అందించే పిల్లాణ్ని చూసినట్టు మూడుసార్లూ చూశారు.

మొదటి గుండీ పడింది. చాలాసేపటికి రెండోది. మూడోది తప్పు కాజాలో దూరింది. అక్కడ ఆగారు. నుదురంతా చెమట.

"ఇది ఎప్పటినుంచి వచ్చు మోరీ మీకు?"

"నాకేం తెలుసు? ఐదు నెలలుగా నువ్వే కదా పెడుతున్నావు."

నా నోటుబుక్కు నా వైపు జరిపారు.

"ఇప్పుడు చూసినదాన్ని హీబ్రూలోకి మార్చు."

సోమవారం నర్సు వచ్చింది. "ఎలా ఉన్నారు?" అంది. ఇరవై రెండు వాక్యాలూ నా నాలుక చివరే ఉన్నాయి.

"పై గుండీలు రెండూ ఆయనే పెట్టుకున్నారు" అన్నాను. "ఇరవై నిమిషాలు పట్టింది. మూడోది తప్పు కాజాలో పడింది."

ఆమె వంగి చొక్కా చూసింది. ఆ రోజు కూడా మూడోది తప్పు కాజాలోనే ఉంది. ఏదో రాసుకుంది.

"ఇంట్లోనే ఉండనిద్దాం. నెల తర్వాత వస్తాను."

ఆ నెల కూడా దాటింది. ఇప్పుడు మూడోది ఒక్కోరోజు సరైన కాజాలోనే పడుతోంది. ఆ ఇరవై నిమిషాలూ చేతులు కట్టుకుని నిలబడడం మాత్రం నాకింకా రాలేదు.