దిండు కింది పుస్తకం

బర్నబాసు అయ్యగారిని ఏ సందేహం అడిగినా వెంటనే బైబిలు వాక్యం తీసి చూపించరు. "సాయంత్రం మీ ఇంటికొస్తాను, టీ పెట్టు" అంటారు. రేపల్లె దగ్గర ఒక చిన్న చర్చికి ముప్ఫయ్యేళ్లుగా ఆయనే పాస్టరు. ఆయన దగ్గరే బైబిలు నేర్చుకుని, ఊరి పిల్లలకు సండే స్కూలు చెబుతున్న కెజియమ్మకు ఈ అలవాటు తెలియంది కాదు. కానీ ఆ సోమవారం ఆవిడ టీ దాకా ఆగే స్థితిలో లేదు. చర్చి గేటు దగ్గరే ఆయన్ని పట్టుకుని అడిగేసింది.

"అయ్యగారూ, మంత్రాలూ మాయలూ ఉన్న కథలు చదివితే పిల్ల సైతాను చేతిలో పడ్డట్టేనాండీ?"

పిల్లంటే ఆవిడ పెద్దకూతురు హెప్సిబా, ఎనిమిదో తరగతి. ఎవరి దగ్గరో లావుపాటి మాయల నవల తెచ్చుకుని చదువుతోందని తోటి టీచరు కెజియమ్మ చెవిన వేసింది. ఇల్లంతా గాలించినా ఆ పుస్తకం దొరకలేదు. "ఎక్కడ దాచావే? దొరికిందా, పొయ్యిలో పెట్టేస్తాను" అంటే, "పెట్టు. నేనింక చర్చికి రాను" అంది హెప్సి. అన్నంత పనీ చేసింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఆదివారం మానని పిల్ల, నిన్న తలనొప్పని ముసుగుతన్ని పడుకుంది. మంత్రగాళ్ల జోలికి పోకూడదని ఊరి పిల్లలందరికీ బట్టీ పట్టించిన మనిషికి సొంత కూతురే చేజారిపోతుంటే ఎలా ఉంటుంది? నాలుగు రోజులుగా ఆవిడకి అన్నం సయించడం లేదు.

"సాయంత్రం వస్తాను, టీ పెట్టమ్మా" అన్నారు అయ్యగారు.

వచ్చారు. టీ తాగారు. హెప్సి గుమ్మం పక్కన గోడకి అంటుకుపోయి నుంచుంది. మంచం మీద నాలుగేళ్ల చిన్నకూతురు షారోను నిద్రపోతోంది. "దీనికెలా ఉంది? నిద్రలో ఉలిక్కిపడుతోందన్నావు కదా?" అని అడిగారాయన.

కెజియమ్మ మొహం కాస్త విప్పారింది. "దేవుడి దయండీ. హెప్సి బైబిలు దిండు కింద పెట్టాను. నాదైతే పెద్దది, దాని తలకి ఎత్తయిపోతుంది. మూడు రోజులైంది, ఒక్కసారి ఉలిక్కిపడితే ఒట్టు! నిన్న చర్చిలో అందరి ముందూ లేచి సాక్ష్యం కూడా చెప్పాను, మీరూ విన్నారు కదండీ."

"విన్నాను. ఏదీ, ఆ బైబిలే ఇలా ఇవ్వు, ప్రార్థన చేసుకుందాం."

ఆ ఊళ్లో ప్రతి బైబిలుకీ ఉండే నల్ల జిప్పు కవరే అది. ఆవిడ దిండు కింద నుంచి తీసి, కళ్లకద్దుకుని, రెండు చేతులా అందించింది. అయ్యగారు జిప్పు లాగారు. లోపల బైబిలు లేదు. అట్ట మీద ఒక మంత్రగత్తె, చేతిలో వెలుగుతున్న కర్ర, పక్కన రెక్కలున్న నక్క.

కెజియమ్మ గిరుక్కున కూతురి వైపు తిరిగింది. హెప్సి అప్పటికే ఏడుపు మొదలెట్టింది. "అమ్మ నా కవరే తీస్తుందనుకోలేదండీ. చెబితే కాల్చేస్తుందని చెప్పలేదు."

"మరి నీ బైబిలో?"

"నా బడి సంచిలో ఉందండీ" అని పరుగెత్తి తెచ్చింది. అట్ట నలిగిపోయింది, పేజీ పేజీకీ పెన్సిలు గీతలు.

అయ్యగారు కళ్లజోడు సర్దుకుని నవల రెండు పేజీలు తీరిగ్గా చదివారు. "బాగుందే! అమ్మాయ్, ఈ మంత్రం చదివితే గోడలోంచి దారి వస్తుందని రాశారిక్కడ. ఎప్పుడైనా చదివి చూశావా?"

హెప్సి ఏడుపాపి ఆయన వంక జాలిగా చూసింది. "అయ్యో, అది కథండీ!"

"కథా? సరే." ఆయన తల్లి వైపు తిరిగారు. "మరి నువ్వు దిండు కింద ఎందుకు పెట్టావమ్మా?"

"గాలీ ధూళీ సోకకుండా..." అంటూనే కెజియమ్మ ఆగిపోయింది. తన మాట తనకే వినబడింది.

ఈ సందడికి చిన్నది లేచి కూర్చుని, కళ్లు నులుముకుంటూ, "అక్కా, నక్క కథ చెప్పవా?" అంది. పడుకోబోయే ముందు హెప్సి దానికి మూడు రోజులుగా ఆ కథే చెబుతోందట. చీకటంటే హడలిపోయే నక్క చివరికి చీకట్లోనే ఎగరడం నేర్చుకుంటుందట. దిండు కింది పుస్తకం సంగతి చిన్నదానికి అసలు తెలియనే తెలియదు.

కెజియమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గుండెల మీది బండ దిగిపోయినట్టయి, హెప్సిని దగ్గరికి లాక్కుంది. "ఆదివారం వస్తావుగా?"

"రాకేం? ఈసారి నీ సాక్ష్యం నేను కూడా వినాలిగా!"

"ఛీ, పోవే" అంది తల్లి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

అయ్యగారు లేచి చెప్పులేసుకున్నారు. "ఇది చదువుకునే పుస్తకం, చదువుకో" అని నవల హెప్సికిచ్చారు. తర్వాత ఆ నలిగిన బైబిలు కెజియమ్మ చేతిలో పెట్టారు.

"ఇదీ అంతేనమ్మా."