మూడు పనుల చెంగల్వ

అనగనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలలో ఊగుతున్న రోజుల్లో, సముద్రపు ఒడ్డున ముత్యాలరేవు అనే పట్నం ఉండేది. ఆ పట్నంలో బట్టలకు రంగులద్దే బొప్పన్న అనే ఆయన, తల్లి లేని తన ఒక్కగానొక్క కూతురు చెంగల్వతో కాపురం ఉండేవాడు.

చెంగల్వ చురుకైన పిల్ల. ఒక్కటే చిక్కు. ఆ పిల్ల మనసు ఒకచోట నిలిచేది కాదు.

పదమూడో ఏట కుమ్మరి సాంబయ్య సారె ముందు కూర్చుంది. తడిమట్టి తన వేళ్ళ మధ్య లేచి కుండ అవుతుంటే పకపకా నవ్వేది. రెండేళ్ళు తిరిగేసరికి కూజాలు, మూకుళ్ళు, గొట్టాలు అన్నీ చేయగలిగింది. అప్పుడొకనాడు, "తాతా, సెలవిప్పించు. గౌరమ్మత్త వెదురు అల్లుతుంటే చూశాను. నాకూ నేర్చుకోవాలని ఉంది" అంది.

"ఇంకొన్నాళ్ళు కూర్చుంటే ఈ సారె నీకే అప్పగిద్దామనుకున్నానే!" అని ముసలాయన మొహం చిన్నబుచ్చుకున్నాడు.

మేదరి గౌరమ్మ దగ్గర రెండేళ్ళు గడిచాయి. బుట్టలు, తడికలు, వాగుల మీద వేసే వెదురు వంతెనలు, అన్నీ చేతికొచ్చాయి. అంతలో రేవులో పడవలు కట్టే ఎర్రన్న పని మీదికి చూపు పోయింది. చెక్కల సందుల్లో కొబ్బరి పీచు దట్టించి, గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్ద పూస్తే చుక్క నీరు కూడా లోపలికి రాదట! ఆ విద్య ఏమిటో తెలుసుకోకపోతే చెంగల్వకి అన్నం సయించలేదు.

"వెళ్ళు, వెళ్ళు. రేపు అక్కడా ఉండవు" అని గౌరమ్మ కసిరింది. కసురుతూనే తను అల్లిన మంచి బుట్టలో అటుకులు పోసి చేతికిచ్చింది.

గౌరమ్మ అన్నట్టే అయింది. రెండేళ్ళకి చెంగల్వ ఎర్రన్న దగ్గరా సెలవు తీసుకుని ఇంటికొచ్చింది. ఈసారి నేత నేర్చుకుంటానంది.

ఊళ్ళో అందరూ నవ్వారు. బొప్పన్న నవ్వలేదు. భోజనాల దగ్గర మెల్లగా అన్నాడు.

"తల్లీ, నేను పోయాక నువ్వెట్లా బతుకుతావో అని నా బెంగ. ఏదైనా సరే, ఒక్క పని పట్టుకో."

"పట్టుకుందామనే వెళ్తాను నాన్నా. నేర్చుకున్నదాని మీద ప్రేమ పోదు. కానీ పక్కదాని మీద కూడా పుడుతుంది. నాలోనే ఏదో వెలితి ఉందేమో" అంది చెంగల్వ. ఆమె కళ్ళు చెమర్చాయి.

బొప్పన్న ఆమె అన్నంలో ఇంకాస్త నెయ్యి వేసి, "తిను" అన్నాడు.

ఆ ఏడాదే పెద్ద ఉప్పెన వచ్చింది. సముద్రం పట్నంలోకి చొచ్చుకొచ్చి, మూడు రోజులుండి వెనక్కి పోయింది. పోతూ పోతూ బావులన్నిటినీ ఉప్పుగా చేసిపోయింది. ఆ నీళ్ళు నోట పెట్టుకోలేరు. ఆ నీళ్ళలో రంగు బట్టకి పట్టదు. మంచినీళ్ళు కావాలంటే కొండమీది ఊట ఒక్కటే దిక్కు. లోయలోకి దిగి మళ్ళీ ఎక్కి బిందె తెచ్చుకునేసరికి సగం రోజు గడిచేది. పసిపిల్లలు జబ్బు పడ్డారు. ఒక్కొక్క కుటుంబమే మూటలు కట్టుకుని ఊరు విడిచిపోసాగింది.

రాజు ధీరసేనుడు చాటింపు వేయించాడు. "ఊట నీటిని పట్నానికి తెచ్చినవాళ్ళని నా పక్కన కూర్చోబెట్టి గౌరవిస్తాను!"

మొదట సాంబయ్య పూనుకున్నాడు. కొండ వాలు పొడవునా మట్టి గొట్టాలు పరిచాడు. అతుకు అతుకు దగ్గరా నీరు కారిపోయింది. లోయ దాకా వచ్చేసరికి చుక్కలే మిగిలాయి.

తరువాత గౌరమ్మ పూనుకుంది. లోయ మీద వెదురు వంతెన కట్టి, వెదుళ్ళనే చీల్చి కాలువగా వేసింది. నాలుగు రోజుల ఎండకి అవి నెర్రెలిచ్చి నీళ్ళన్నీ లోయపాలయ్యాయి.

చివరికి ఎర్రన్న పూనుకున్నాడు. పడవ చెక్కలతో ఒక్క చుక్క కారని కాలువ కట్టాడు. కానీ దాని బరువుకి లోయ మీద నిలబెట్టిన గుంజలు విరిగి అంతా కూలిపోయింది.

ముగ్గురూ తలో పక్కకీ మొహాలు తిప్పుకున్నారు. ఒకరంటే ఒకరికి పడలేదు.

బిందె చంకనెత్తుకుని రోజూ ఆ దారినే నడిచే చెంగల్వ ఇదంతా చూసింది. మూడు రోజులు ఆలోచించి, భయపడుతూనే రాజుగారి కొలువుకి వెళ్ళింది.

"నువ్వు ఏ పనిలో ఆరితేరావమ్మా?" అని అడిగాడు మంత్రి.

"ఏ పనిలోనూ ఆరితేరలేదు, అయ్యా."

కొలువంతా గొల్లున నవ్వింది. చెంగల్వ చెవులు ఎర్రబడ్డాయి. అయినా వెనుదిరగలేదు.

"మహారాజా, సాంబయ్య తాతలా గొట్టం చేయడం నా వల్ల కాదు. గౌరమ్మత్తలా వంతెన కట్టలేను. ఎర్రన్న మామలా అతుకు వేయలేను. కానీ ఈ ముగ్గురి దగ్గరా కూర్చున్నాను. ఒకరి పని ఎక్కడ ఆగిపోతుందో, అక్కడ ఎవరి పని మొదలవ్వాలో నాకు తెలుసు."

రాజు నవ్వడం మానేశాడు. "ఐతే మొదలుపెట్టించు" అన్నాడు.

ముగ్గురినీ ఒక్క చెట్టు నీడకి చేర్చడమే గగనమైంది. చెంగల్వ సాంబయ్యతో మట్టి మాటల్లో మాట్లాడింది, గౌరమ్మతో వెదురు మాటల్లో, ఎర్రన్నతో పడవ మాటల్లో. అలిగితే బతిమాలింది. అరిస్తే ఊరుకుంది. చివరికి గౌరమ్మ వెదురు వంతెన మీద సాంబయ్య గొట్టాలు ఎక్కాయి. వాటి అతుకులకి ఎర్రన్న గుగ్గిలం ముద్ద పూశాడు.

మొదటిసారి నీరు వదిలితే ముద్ద ఊడి వచ్చేసింది. "నున్నటి మట్టికి ఇది అంటుకోదు!" అని ఎర్రన్న విసుక్కున్నాడు. "తాతా, కాల్చకముందే అంచుల మీద గీతలు గీసి గరుకు చేద్దామా?" అంది చెంగల్వ. సాంబయ్య తల గోక్కుని, "చేయొచ్చు" అన్నాడు.

రెండోసారి ముద్ద నిలిచింది. కానీ గాలికి వంతెన ఊగి పొడుగాటి గొట్టాలు పగిలాయి. "ఊగకుండా వెదురు కట్టడం నా వల్ల కాదు" అంది గౌరమ్మ. చెంగల్వ ఊగుతున్న వంతెన వైపు చూసి, "ఊగనిద్దాం అత్తా. పడవ కూడా అలకి ఊగుతుంది కదా! గొట్టాలు పొట్టివి చేద్దాం. మామా, ముద్దలో నూనె పెంచి అతుకులు మెత్తగా ఉంచుదాం" అంది. ఎర్రన్న కళ్ళు మెరిశాయి. "ఇన్నేళ్ళుగా చేస్తున్నా, నాకు తట్టలేదే!" అన్నాడు.

మూడోసారి నీరు కొండ దిగింది. లోయ మీద ఊగుతూ ఊగుతూ దాటింది. పట్నం నడిబొడ్డున కట్టిన తొట్టిలోకి గలగలమంటూ దూకింది. పిల్లలు కేరింతలు కొట్టారు. బొప్పన్న దోసిలి పట్టి తాగి, "తియ్యగా ఉన్నాయే!" అంటూ తడిచేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

రాజు చెంగల్వని పక్కన కూర్చోబెట్టుకుని, "ఈమెకు విద్య నేర్పిన గురువునీ గౌరవించాలి. ఎవరాయన?" అన్నాడు.

"నేనే ప్రభూ! ఇది నా సారె మీద పెరిగిన పిల్ల" అని సాంబయ్య లేచాడు.

"ఏం కాదు, నా పిల్ల! నా చేతి అటుకులు తిన్నది" అని గౌరమ్మ ముందుకొచ్చింది.

"మొన్న మొన్నటిదాకా నా దగ్గరుంది, అందుకని నాది" అని ఎర్రన్న గదమాయించాడు.

వెనక నుంచి బొప్పన్న గొంతు వినిపించింది. "మీ తగువు తరువాత తీర్చుకోండి. ముందు అది నా కూతురు!"

రాజుతో సహా అందరూ ఫక్కున నవ్వారు. చెంగల్వ నలుగురికీ దణ్ణం పెట్టి, "మహారాజా, వీళ్ళు బతుకంతా ఒక్కో పనికే అంకితమయ్యారు. కాబట్టే నాకు నేర్చుకోవడానికి మూడు గడపలు దొరికాయి. ఈ గౌరవం వాళ్ళది" అంది.

రాజు నాలుగు శాలువాలు తెప్పించాడు. ముగ్గురు గురువులకీ తలొకటి కప్పాడు. నాలుగోది చెంగల్వకి కప్పబోతే, ఆమె దాన్ని అందుకుని తండ్రి భుజాల మీద వేసింది.

కాబట్టి పిల్లలూ, ఒక్క విద్యనే నమ్ముకున్నవాడు దాని లోతు చూస్తాడు. అనేక విద్యలను మనసారా ప్రేమించినవాడు వాటి మధ్య వంతెన అవుతాడు. లోకానికి ఇద్దరూ కావాలి.