సుంకమ్మ చల్లిన సగం

సిద్ధప్పయ్యకు కూర్చున్నచోట జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఆ ప్రశ్న పుట్టిన చోటికే నడిచేవాడు. అది తెలిసి కూడా శిష్యుడు గంగులప్ప ఆ పొద్దున మఠం గుమ్మంలోనే అరుపులు మొదలుపెట్టాడు.

“నా మాట కాలదన్నిన ఆడదాన్ని ఇంట్లో పెట్టుకోవాల్నా సామీ? ఈ పొద్దే పుట్టింటికి తోలేస్తా. మీరు ఊఁ అంటే చాలు!”

ఇంతకీ ఆ కోపానికి కారణం రెండు ఖాళీ సంచులు. సంచిలో వచ్చే ఎరువేదైనా విషమేనని, తన వేరుశనగ చేనుకు పశువుల ఎరువు తప్ప ఇంకేదీ తగలనివ్వనని గంగులప్ప ఏడాదిగా ఊరందరి ముందూ గొంతు చించుకుంటున్నాడు. ఆ పశువుల ఎరువును తట్టలకెత్తి చేనంతా పోసింది మాత్రం అతని భార్య సుంకమ్మ. శపథం చేసిన పెద్దమనిషి నడుము ఒక్కనాడూ వంగలేదు. ఇప్పుడు కొట్టం అటక మీద సూపర్ ఫాస్ఫేటు సంచి, జిప్సం సంచి బయటపడేసరికి, ఊళ్లో తల ఎలా ఎత్తుకోవాలని అతనికి ఒళ్లు మండిపోతోంది.

సిద్ధప్పయ్య ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. చెప్పులు తొడుక్కుని చేనికి బయలుదేరాడు. గట్టు మీద గడ్డి కోస్తున్న సుంకమ్మ కొడవలి పక్కన పడేసి లేచింది.

“తట్టలు మోసింది నేనే, సంచులు చల్లింది నేనే సామీ. సగానికే వచ్చినాయి, సగానికే చల్లినా. వట్టి సంచుల ఎరువే వేసిన పక్క చేను బెట్టకు మాడిపాయ. వట్టి పశువుల ఎరువేసి మేము పోయినేడు గింజలేని లొట్టకాయలు ఏరుకుంటిమి. ఇంగ ఈయప్ప శపథాన్ని ఉడకేసుకుని తినాల్నా?”

“నోర్ముయ్!” అన్నాడు గంగులప్ప.

“రెండు పక్కలా పీకి చూడప్పా,” అన్నాడు సిద్ధప్పయ్య.

గంగులప్ప పళ్లు కొరుకుతూ ముందు సంచులు తగలని సగంలో ఒక మొక్క పెరికాడు. ఆకు పచ్చగానే ఉంది, కాయలు మాత్రం నొక్కితే సగానికి సగం లొట్టలు. సుంకమ్మ సగంలో పెరికితే గుత్తులుగా వచ్చాయి, చిదిపిన ప్రతి కాయలోనూ గింజ నిండుగా ఉంది. అది చూసి అతని కోపం దిగలేదు సరికదా, రెట్టింపయింది. ఓడినవాడికి వచ్చే కోపం మహా చెడ్డది.

“మోసం! విషం! ఇది నా చేనే కాదు!” అని తిడుతూ ఆ సగంలోనే ఇంకో మొక్క పీకాడు, మరొకటి పీకాడు. తిడుతూనే కాయలు దులిపాడు. వేరుశనగ రైతు గట్టికాయ కనబడితే వచ్చే ఏటి విత్తనానికని ఎలా ఏరి పెట్టుకుంటాడో అలాగే ఏరి, తువ్వాలు చెరగులో వేసి ముడి కూడా బిగించాడు. తానేం చేస్తున్నాడో అతనికే తెలియలేదు. సుంకమ్మ మాత్రం చూసింది.

“ఇంగ చెప్పండి సామీ, పంపించేదా, వద్దా?” అన్నాడు గంగులప్ప.

సిద్ధప్పయ్య ఆ ముడి మీద వేలు పెట్టాడు.

“నన్నెందుకు అడుగుతావప్పా? నీ నోటికుండే కోపం నీ చేతులకు ఉన్నట్టు లేదే. వాటినడుగు.”