ఉప్పుగాలి కోటలో రాకుమారి

ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజుండేవాడట. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒకనాడు ఓడ సరంగు ఒకడు కొలువుకొచ్చి, “మహారాజా, ఏడు సముద్రాల అవతల దీవిలో హేమాంగి అనే రాకుమారి ఒంటరిగా ఉంది. కరాళుడనే మాంత్రికుడు ఎనిమిదో ఏట ఎత్తుకుపోయాడు. ఇరవై ఏళ్ళకే ముసలిదైపోయింది, పాపం!” అన్నాడు.

పెద్దవాడు ఆమె ముసలిరూపు పోగొడతానని ముత్యాల పొడి పట్టుకెళ్ళాడు. కిటికీలో ముడతలు పడ్డ మొహం చూసి వెనక్కొచ్చేశాడు. రెండోవాడు కుంకుమపువ్వు లేపనం పట్టుకెళ్ళాడు. వాడూ ఆ మొహం చూసి వెనక్కొచ్చేశాడు. మూడోవాడు మణికేతుడు ఉత్తచేతులతో బయలుదేరాడు.

ముసలి తాబేలొకటి అతన్ని వీపునెక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. ఒడ్డున దింపి, “నాయనా, కరాళుడి ప్రాణం కోట పైగదిలోని చిలకలో ఉంది. అది నిద్రపోతే వాడి పని సరి. కానీ పన్నెండేళ్ళుగా అది కన్ను మూయలేదు” అంది.

కోటలో అలికిడి లేదు. కరాళుడు నేలమాళిగలో గుర్రుపెడుతున్నాడు. హేమాంగి నిద్రంతా వాడే పోతున్నాడు. అందుకే నూరేళ్ళవాడైనా పాతికేళ్ళవాడిలా నిగనిగలాడుతున్నాడు.

పైన హేమాంగి దీపం పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. జాముజాముకీ పక్కన పంజరంలోని చిలక, “హేమాంగీ, పడుకోకు! మీ నాన్న ఓడ వస్తోంది!” అని అరుస్తుంది. ఆమె లేచి చూస్తుంది. చెంపలకు ఉప్పుగాలి కొడుతుంది. ఓడ ఉండదు.

“కాసేపు పడుకోరాదూ?” అన్నాడు మెట్లెక్కి వచ్చిన మణికేతుడు.

“నేను పడుకున్నప్పుడే ఓడ వచ్చి వెళ్ళిపోతే?”

“నేను చూస్తుంటాను. వస్తే లేపుతాను.”

పన్నెండేళ్ళలో ఆమెతో ఆ మాట అన్నవాళ్ళు లేరు.

మొదటి రాత్రి అతను నీళ్ళు గోరువెచ్చగా కాచి ఇచ్చాడు. ఆమె మొహాన ఉప్పు కడుక్కుని ఒక జాము పడుకుంది. రెండో రాత్రి కొబ్బరిపాలు పిండి ఇచ్చాడు. మొహానికి పట్టించి కడుక్కుని రెండు జాములు పడుకుంది. మూడో రాత్రి అతను దీపం ఆర్పి, కిటికీ ఓరగా మూసి, చిలక పంజరం మీద తన ఉత్తరీయం కప్పాడు.

చీకట్లో చిలక గొంతు తగ్గింది. “మరి ఓడో?”

“నేను చూస్తున్నానుగా. నువ్వూ అలిసిపోయావు, పడుకో.”

చిలక రెక్కలో ముక్కు దూర్చుకుంది. నేలమాళిగలో ఒక్క కేక. నూరేళ్ళూ ఒక్కసారి మీదపడి కరాళుడు గుప్పెడు బూడిదయ్యాడు.

హేమాంగి తెల్లారేదాకా నిద్రపోయింది. లేచేసరికి మొహం లేత తమలపాకులా ఉంది.

“ఓడ వచ్చిందా?”

“రాలేదు.”

“ఇక రాదు, కదూ?”

మణికేతుడు కిటికీ బార్లా తెరిచాడు; ఖాళీ సముద్రం కనిపించింది. ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఇద్దరూ తాబేలునెక్కారు.

పెళ్ళిలో అన్నలిద్దరూ, “ఏం లేపనం రాశావురా?” అని చెవిలో అడిగారు.

“గోరువెచ్చని నీళ్ళు, కొబ్బరిపాలు, కంటినిండా నిద్ర” అన్నాడు తమ్ముడు. వాళ్ళు నమ్మలేదు.

ఆ దంపతులు యాభై ఏళ్ళు చల్లగా రాజ్యమేలారు. ఏ రాత్రయినా హేమాంగి ఉలిక్కిపడి లేస్తే, మణికేతుడు పక్కన కూర్చునేవాడు, ఆమెకు మళ్ళీ కునుకు పట్టేదాకా. ముసలితనం ఆమెకు మళ్ళీ వచ్చింది. ఈసారి తన వేళకే వచ్చింది.