ఓబులేసు ఆఖరి మాట

నవలలు రాసే కుళ్ళాయప్ప రెండు నెలలుగా ఒక్క పుట కూడా రాయలేకపోయాడు. చివరికి కడపలో ఉన్న తన గురువు మదార్ సాహెబ్ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఆ పెద్దాయన చిరిగిన చొక్కా కుట్టుకుంటూ అంతా విన్నాడు.

పన్నెండేళ్ల కిందట, ఒక ఆనకట్ట దగ్గరి అతిథిగృహంలో తుపాకులవాళ్లు ఏడుగురిని తొమ్మిది రోజులు బందీలుగా ఉంచారు. ఆరుగురు బయటపడ్డారు. వంటమనిషి ఓబులేసు మాత్రం శవమై వచ్చాడు. ఆ సంఘటన మీద కుళ్ళాయప్ప రాసిన నవలకు మంచి పేరొచ్చింది. అందులో వంటమనిషి ప్రాణం పోయే ముందు, తనను కాల్చినవాడి చెయ్యి పట్టుకుని, నిన్ను క్షమించానంటాడు. అక్కడ కంటతడి పెట్టనివాళ్లు లేరు.

నవల మీద జరిగిన సభలో ఓబులేసు భార్య రత్నమ్మ వెనక వరసలోంచి లేచి, ఆయన నిజంగా ఆ మాట అన్నాడా అని అడిగింది. జరిగిన నిజం వేరు, కథలోని నిజం వేరు అని కుళ్ళాయప్ప చాలాసేపు వివరించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె వెళ్లిపోయింది.

"అప్పట్నుంచి కలం కదలడం లేదు స్వామీ. నేను చేసింది తప్పా?"

సాహెబ్ ఆమెది ఏ ఊరో అడిగి, సూది పక్కన పెట్టి చెప్పులేసుకున్నాడు.

మధ్యాహ్నానికి ఇద్దరూ బస్సు దిగి ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లారు. రత్నమ్మ బియ్యం చెరుగుతోంది. లేచి చాప పరిచి, మంచినీళ్లిచ్చి, మళ్లీ చేట అందుకుంది. సాహెబ్ శిష్యుడి వైపు చూస్తూ కూర్చున్నాడు, అంతే.

కుళ్ళాయప్ప తలొంచుకున్నాడు. "ఆ మాట ఎవరూ వినలేదమ్మా. నేనే కల్పించాను."

రత్నమ్మ చేతిలో చేట ఆగింది.

"మీ పుస్తకంలో ఆయన నన్నూ పాపనూ ఒక్కసారైనా తలుచుకోలేదు సార్. అదే నిజమేమో అని ఇన్నాళ్లూ..."

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయితే, తలుచుకునే ఉంటాడు," అంది మెల్లగా.

తిరుగుదారిలో కుళ్ళాయప్ప మలిముద్రణలో ఆ పుట మార్చేస్తానన్నాడు. ఓబులేసు నోట భార్యాబిడ్డల పేర్లు పలికిస్తానన్నాడు.

నడుస్తున్న సాహెబ్ ఆగాడు.

"ఆ మాటొక్కటీ ఆమెకే వదిలెయ్, నాయనా."